తెలిసిన మాట నోటికి రావడం లేదు. వయసేనా, చూపించుకోవాలా?

తెనాలి మాస్టారు | 5 జులై 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గాని రాయడం తక్కువ. ఈ సంగతి ఇంట్లో చెప్పుకోలేక రాస్తున్నాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. విశ్వావసులో పుట్టాను. మొన్న ఉగాదికి అరవై ఏళ్ళ చక్రం తిరిగి అదే విశ్వావసు వచ్చింది. పిల్లలు షష్టిపూర్తి ఘనంగా చేశారు. మా ఆంధ్రాలో 62కి గాని రిటైర్మెంటు లేదు కాబట్టి ఇంకా రెండేళ్ళ సర్వీసుంది.

మంగళవారం పదో తరగతిలో పద్యం చదువుతున్నాను. సిలబస్‌లు ఎన్ని మారినా ఏదో ఒక తరగతిలో చెబుతూనే వచ్చిన పద్యం. రెండు పాదాలు చదివాను. మూడో పాదం మొదటి మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట 'మ'తో మొదలవుతుందని తెలుసు. యతి ఎక్కడ పడుతుందో తెలుసు. మాట మాత్రం నాలిక చివరిదాకా వచ్చి దిగడం లేదు. పుస్తకం బల్ల మీదే మూసి ఉంది, తెరవడానికి చెయ్యి రాలేదు. మొదటి బెంచీలో కూర్చునే పిల్ల నా మొహం చూసి, పక్కవాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా ఆ మాట అందించింది. తర్వాత పాఠం బాగానే నడిచింది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

హాజరు పట్టీలో పేర్లు కూడా ఈమధ్య తడబడుతున్నాయి. మా అమ్మ చివరి నాలుగేళ్ళు నన్ను మా మేనమామ అనుకుని 'అన్నయ్యా' అని పిలిచేది. నా భయమేమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇది వయసా, లేక ఆ జబ్బుకు మొదలా?


కాకినాడ సిస్టర్ | 5 జులై, రాత్రి 10:25

మాస్టారూ, 31 ఏళ్ళు ఆసుపత్రి వార్డుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. నేను డాక్టర్ని కాను, చూసింది చెబుతాను.

ముందు ఆ మాట సంగతి. మొదటి అక్షరం తెలిసి, యతి తెలిసి, మాట ఒక్కటే రాకపోవడం అంటే అది మీ దగ్గర భద్రంగానే ఉంది, బయటికి తీసే దారి మందగించింది. అందుకే ఆ పిల్ల అనగానే మీరు గుర్తుపట్టారు. వయసుతో అందరికీ ఎక్కువయ్యేది ఇదే. మనుషుల పేర్లతో మరీ కష్టం, ఎందుకంటే పేరుకూ మనిషికీ అర్థంలో సంబంధం ఉండదు. 'వడ్రంగి' అంటే బాడిస, కలప, చప్పుడు, ఇన్ని కొసలు చేతికి దొరుకుతాయి. 'వెంకటేశ్వర్లు' అంటే పట్టుకోవడానికి ఏ కొసా ఉండదు.

భయపడాల్సిన మరుపు వేరు. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మర్చిపోవడం ఒకటి, కళ్ళజోడు చేతిలో పట్టుకుని ఇదెందుకని అడగడం ఒకటి. చెప్పిన సంగతే పది నిమిషాలకు కొత్తగా మళ్ళీ చెప్పడం, రోజూ నడిచే దారి తప్పడం, చేయి తిరిగిన పని చేతకాకపోవడం, ఇవీ చూడాల్సినవి. ఇంకో మాట. మరుపు గురించి మనిషి తానే వచ్చి బాధపడుతుంటే నాకు కొంత ధైర్యం. ఇంట్లోవాళ్ళు కంగారుపడుతూ మనిషి మాత్రం నాకేమీ లేదంటుంటే ఎక్కువ భయం.

అలాగని ఊరికే ఉండమనడం లేదు. షుగర్ ఉందా? ఉంటే మెట్‌ఫార్మిన్ ఎన్నేళ్ళుగా వాడుతున్నారు? పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటు ఉందా? మాంసం, గుడ్డు తినని ఇల్లా? ఇవన్నీ ఒంట్లో బి12 విటమిన్ తగ్గడానికి దారులు. బి12 తగ్గితే మతిమరుపు వస్తుంది, అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది. థైరాయిడ్ మందగించినా ఇంతే. జలుబుకని వేసుకునే మత్తు మాత్రలు, నిద్రమాత్రలు కూడా బుర్రను మొద్దుబారుస్తాయి. వేసుకునే మందులన్నీ ఒక సంచీలో వేసుకుని డాక్టరు ముందు కుమ్మరించండి.


తెనాలి మాస్టారు | 5 జులై, రాత్రి 11:05

సిస్టర్ గారూ, షుగర్ తొమ్మిదేళ్ళుగా ఉంది. మెట్‌ఫార్మిన్ అప్పటి నుంచీ వాడుతున్నాను. గ్యాస్ మాత్ర కూడా పొద్దున్నే, ఎవరు రాశారో గుర్తులేదు గాని ఏళ్ళ తరబడి. మేం గుడ్డు కూడా ముట్టం. రాత్రిళ్ళు అరికాళ్ళు దూది మీద పెట్టినట్టుంటాయి. అది షుగర్ వల్లే అనుకున్నాను.


పెన్నా గట్టు | 6 జులై, ఉదయం 6:15

అయ్యవారూ, నేను కడప జిల్లాలో సేద్యం చేసేవాణ్ణి, 63 ఏండ్లు. నా మాట కొంచెం వేరే.

ప్రతిదానికీ పరీచ్ఛలేనా? మా అమ్మకు 86. మోకాళ్ళు అరిగినాయి, చెవులు సరిగా వినపడవు, నిద్ర తెల్లారుజామున మూడుకే అయిపోతాది. 'ఇల్లు పొమ్మంటాంది, కాడు రమ్మంటాంది, నన్నిట్లనే ఉండనీరా' అంటాది. ఆసుపత్రికి తీసుకుపోతే రోజంతా బెంచీ మీద కూర్చోబెడతారు, ఇంకో సంచీడు మాత్రలిస్తారు. వయసు వయసే. ఆకు పండి రాలిపోయేదానికి మందేముండాది? పెద్దోళ్ళను నెమ్మదిగా ఉండనీయడం గూడా ఒక సేవే.

నా మట్టుకు నాకు ఒక్కటే తేడా తెలిసింది. పోయినేడు ఎండాకాలం చేన్లో పని చేస్తా కళ్ళు తిరిగి పడినాను. పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది. దప్పికే కాలేదు. వయసులో ఉన్నప్పుడు గంటకొక చెంబు తాగేవాణ్ణి.


కాకినాడ సిస్టర్ | 6 జులై, ఉదయం 7:30

పెన్నా గట్టు గారూ, మీ ఆఖరి మాట అందరూ రాసిపెట్టుకోవాలి. వయసు పెరిగేకొద్దీ దాహం వేసే గుణమే తగ్గుతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గినా మెదడు అడగదు. పెద్దవాళ్ళకు ఎండాకాలం దాహం వేసినప్పుడు తాగమంటే చాలదు, గడియారం చూసి ఇవ్వాలి. మా వార్డుకు పిచ్చిగా మాట్లాడుతున్నారని తీసుకొచ్చిన ముసలివాళ్ళలో కొంతమంది సెలైన్ ఎక్కాక మర్నాటికి మామూలుగా కబుర్లు చెప్పేవారు. (గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు మాత్రం ఎంత తాగాలో డాక్టర్ని అడగాలి.)


ఓరుగల్లు ఆడబిడ్డ | 6 జులై, మధ్యాహ్నం 1:10

అన్నా, 'వయసు వయసే' అని మేము కూడ అనుకున్నం. అందుకే రాస్తున్న.

మా నాయినకు 71. హన్మకొండల ఉంటడు. ఇంటికి ఎవరొచ్చినా నడుమ కూసొని ముచ్చట పెట్టేటోడు, రెండేండ్ల నుంచి మూలకు కూసునుడు మొదలువెట్టిండు. అడిగినదానికి సంబంధం లేని జవాబు. 'సారు వచ్చిండు నాయినా' అంటే 'చారు వద్దు బిడ్డా' అనేది. మతి పోతున్నదని మా అన్నదమ్ములు పొలం కాగితాల మీద సంతకాల సంగతి గూడ మాట్లాడుకున్నరు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తది.

చివరికి చెవి పరీక్ష చేయించినం. సన్నటి శబ్దాలు దాదాపు పోయినయని గీత గీసి చూపెట్టిన్రు. వయసుతోని ముందు పోయేది సన్నటి శబ్దమేనట. అచ్చులు వినబడతయి, స, ష, త, ఫ వంటివి పోతయి. అందుకే 'వినబడుతున్నది గని సమజైతలేదు' అంటరు. ఆడవాళ్ళ గొంతు, చిన్నపిల్లల గొంతు ఇంకా కష్టం. నాయిన మనుమరాలితోని మాట్లాడుడు ఎందుకు బంద్ చేసిండో నాకు అప్పుడు తెలిసింది.

మిషన్ పెట్టించినంక కూడ మూణ్ణెల్లు అల్మారిలనే ఉన్నది. కుక్కర్ కూత, ప్లాస్టిక్ కవరు చప్పుడు చెవుల మేకు దిగినట్టు ఉన్నదని తీసేసేటోడు. రోజుకు గంట, తర్వాత రెండు గంటలు, అట్ల అలవాటు చేసినం. ఇప్పుడు మళ్ళ నడుమకొచ్చి కూసుంటున్నడు. వినబడక మూలకు కూసున్న మనిషికి నిజంగనే మతి మందగిస్తదట. 2024ల లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ డిమెన్షియాకు, అంటే మతి పోయే జబ్బుకు, చెప్పిన 14 కారణాలల్ల చెవుడు పెద్దవాటిల ఒకటి. ఆ 14 సరిజేసుకుంటే డిమెన్షియాల దాదాపు 45 శాతం ఆపొచ్చు, లేదా వెనక్కి జరపొచ్చు అని వాళ్ళ లెక్క.


మగ్గం ఇల్లు | 6 జులై, మధ్యాహ్నం 3:45

మాది మంగళగిరి. మా ఆయనకు 46. పడుగులో పోగు తెగితే వెతికి ముడి వేయడానికి ఈ ఏడాది చాలాసేపు పడుతోంది. మొహం దూరంగా పెట్టి చూస్తున్నారు. ఎవరికీ చెప్పుకోలేదు, పని పోతుందని భయం. కళ్ళ డాక్టరు దగ్గరికెళితే ఇది జబ్బు కాదమ్మా చత్వారం, కంట్లో కటకం గట్టిపడి దగ్గరి చూపుకు వంగడం లేదు, నలభై దాటితే అందరికీ వచ్చేదే అన్నారు. మగ్గానికీ కంటికీ ఎంత దూరమో కొలిచి రమ్మన్నారు, ఆ దూరానికే అద్దాలు రాశారు. పేపరు చదివే అద్దాలతో నేయలేరట. ఇది తెలియక ఎంతమంది నేత మానేశారో అనిపించింది.


తెనాలి మాస్టారు | 6 జులై, సాయంత్రం 5:20

అమ్మా, మీ మాటకు తెలుగు పండితుడిగా ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. చత్వారింశత్ అంటే సంస్కృతంలో నలభై. అందులోంచి వచ్చిందే చత్వారం. హైదరాబాదు వైపు చాలీసు అంటారు, అదీ నలభైయే. ఈ మార్పు ఏ ఏట వస్తుందో మన పెద్దలు దాని పేరులోనే పెట్టి వెళ్ళారు.


గుంటూరు టు డల్లాస్ | 7 జులై, ఉదయం 8:00

మా అమ్మ విషయంలో నేను చేసిన తప్పు రాస్తాను. అమ్మకు 69. ఇక్కడికి వచ్చినప్పుడల్లా మెట్లు ఎక్కుతుంటే కాళ్ళలో బలం లేదనేది. 'రెస్ట్ తీసుకో అమ్మా' అని చేతిలో గ్లాసు కూడా లాక్కునేవాణ్ణి. రెండు నెలల్లో సోఫాలోంచి చెయ్యి ఊతం లేకుండా లేవలేని స్థితికి వచ్చింది.

ముప్ఫై దాటాక పదేళ్ళకు 3 నుంచి 8 శాతం దాకా కండ కరుగుతుంది, అరవై తర్వాత ఇంకా వేగంగా. బరువు చూసే మిషన్ మీద అది తెలియదు, కండ పోయిన చోట కొవ్వు చేరుతుంది. విశ్రాంతి ఆ కరగడాన్ని ఎక్కువ చేస్తుంది. 1990లో బోస్టన్ పరిశోధకులు ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ళ పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. తొడ కండరాల బలం రెట్టింపుకు పైగా పెరిగింది. ఆ వయసులో!

ఫిజియోథెరపిస్టు అమ్మకు ఇచ్చింది ఒకటే పని. కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని లేవడం. మొదటి రోజు రెండుసార్లు. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచాం. వారానికొక దిండు తీసేశాం. ఇప్పుడు పన్నెండుసార్లు లేస్తోంది.

తిండి కూడా. రాత్రి చారన్నం, మజ్జిగన్నం, అంతే. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. వయసు మళ్ళినవాళ్ళకు ఒక గ్రాము దాటినా మంచిదేనని ఇక్కడి డాక్టరు అన్నారు, కిడ్నీలు బాగుంటేనే సుమా. అమ్మ బరువు 58 కిలోలు, తింటున్నది కావాల్సిన ప్రొటీన్‌లో సగం ఉంటుందేమో. పలుచటి చారు మానేసి ముద్దపప్పు, సాయంత్రం ఉడికించిన శనగలు, ఒక గుడ్డు పెట్టాం.


ఉప్పుగాలి | 7 జులై, రాత్రి 9:15

నాకు 51, విశాఖ. ఇక్కడ ఎవరూ ఎత్తని మాట ఒకటి ఉంది. నెలసరి ఆగిపోయే రోజుల గురించి.

నాకు 47లో మొదలైంది. మన దేశంలో సగటున 46, 47కే ఆగిపోతుందట. అర్ధరాత్రి లోపల్నించి మంట లేచినట్టు చెమటలు, చీర కొంగు తడిసిపోయేది. మళ్ళీ నిద్ర పట్టదు. పగలు ఆఫీసులో ఫైలు ముందు కూర్చుంటే చదివిన పేరానే మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. గ్యాస్ మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్ళిపోయాను రెండుసార్లు. ఇంట్లో అందరూ 'ఈమధ్య నీకు కోపం ఎక్కువైంది' అన్నారే గాని, రాత్రి నిద్రపోయావా అని ఒక్కరూ అడగలేదు. మా అత్తగారే ఒకరోజు పక్కన కూర్చుని 'నాకూ ఇంతేనమ్మా, ఎవరితో చెప్పుకోను, మీ మామగారు పెరట్లో పడుకోమనేవారు' అన్నారు. ఆవిడతో అంత దగ్గరగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ మరుపు చాలామందికి తర్వాత సర్దుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. నాకు సర్దుకుంది. ఎముకల సంగతి మాత్రం సర్దుకోదు, ఆ కొన్నేళ్ళలోనే వేగంగా పలచబడతాయి. అక్కచెల్లెళ్ళు తుంటి విరిగాక కాదు, ఇప్పుడే చూపించుకోండి.


నల్లబల్ల | 8 జులై, ఉదయం 7:05

మాస్టారూ, నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెబుతాను. మనసులో అన్నీ ఒకేసారి ముసలివి కావు. వేగం ముప్ఫైలలోనే నెమ్మదించడం మొదలుపెడుతుంది. కొత్త ఫోను నేర్చుకోవడం, ఒకేసారి రెండు పనులు చూసుకోవడం దాంతో పాటే కష్టమవుతాయి. మాటల సంపద, అర్థం చెప్పగల శక్తి, ఇదివరకు చూసినదాన్ని బట్టి అంచనా వేయడం మాత్రం అరవైల దాకా పెరుగుతూ, నిలబడుతూ వస్తాయి. మీరు ముప్ఫై ఏళ్ళప్పుడు ఆ పద్యం గబగబా చదివి ఉంటారు. దాని అర్థం ఇప్పుడు చెప్పినట్టు అప్పుడు చెప్పగలిగేవారా?

మా విశాఖ, విజయనగరం వైపు ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మగారని అందరూ ఎరిగినవారే. 1929లో పుట్టారు. తొంభై దాటాక కూడా ఊతకర్రలతో క్లాసుకు వెళ్ళి ఫిజిక్స్ చెప్పారు. అందరం అలా ఉండలేం, అది నిజం. కానీ వయసు అంకె చూసి మనిషి ఇంత అని చెప్పేయలేం.


బెజవాడ 78 | 8 జులై, రాత్రి 11:50

మూడు రోజులుగా రాయాలా వద్దా అని చూస్తున్నాను. మా నాన్న బ్యాంకులో క్యాషియర్. నోట్ల కట్ట వేళ్ళతో తడిమి తొంభైతొమ్మిదో వందో చెప్పేవారు.

ఆయనకు మొదట పోయింది పేర్లు కాదు. లెక్క. పాలవాడికి ఒకే నెల మూడుసార్లు డబ్బిచ్చారు. పాలవాడు మంచివాడు, తెచ్చి మా అమ్మకిచ్చాడు. కరెంటు బిల్లు పట్టుకుని గంటసేపు కూర్చునేవారు. అడిగితే కోప్పడేవారు. ఆయన జన్మలో మమ్మల్ని కోప్పడలేదు. మేం ఏమన్నామో తెలుసా? 'రిటైరయ్యారు కదా, వయసు, ఏమీ తోచడం లేదు.' రెండేళ్ళు అదే అన్నాం. ఒక రోజు కూరగాయల సంచీతో బయల్దేరి బందరు కాలవ గట్టున రాత్రి పది గంటలకు దొరికారు. సంచీలో ఒక్క కూరా లేదు, మడతపెట్టిన పేపరు ఉంది. నన్ను చూసి 'బ్యాంకు తాళాలు ఇచ్చేశానా?' అని అడిగారు.

అది ఆల్జీమర్స్. ఆ పేరుగల జర్మన్ డాక్టరు 1906లోనే వర్ణించిన జబ్బు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక రకం డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ సర్వే లెక్క. అయినా మన ఇళ్ళల్లో దానికి పేరు లేదు, 'చాదస్తం' అంటాం. నయం చేసే మందు లేదు, ఒప్పుకుంటాను. కానీ ముందే తెలిసి ఉంటే ఆ రెండేళ్ళు ఆయన్ని విసుక్కునేవాణ్ణి కాదు. 'ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా' అని నేను అన్న ప్రతిసారీ ఆయన తలొంచుకున్నారు. మందు కోసం కాకపోయినా దానికోసమైనా చూపించాలి.

పెన్నా గట్టు గారూ, పెద్దవాళ్ళను నెమ్మదిగా ఉండనివ్వడం సేవే. ఏ కారణంగా బాధపడుతున్నారో తెలుసుకున్నాకే ఆ నెమ్మది ఇవ్వగలం అనిపిస్తుంది.


పెన్నా గట్టు | 9 జులై, ఉదయం 5:50

చదివినాను అన్నా. రెండుసార్లు చదివినాను.


తెనాలి మాస్టారు | 10 ఆగస్టు, రాత్రి 8:30

అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది. పరీక్షలు అయ్యాయి. థైరాయిడ్ బాగుంది. బి12 ఉండాల్సినదానిలో సగం కూడా లేదు. మందుల సంచీ బల్ల మీద కుమ్మరించగానే డాక్టరు గ్యాస్ మాత్ర పక్కకు తీసి 'ఇది ఎందుకు వాడుతున్నారు?' అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అరికాళ్ళ దూది కొంచెం తగ్గింది. మరుపు ఎంత తగ్గుతుందో ఆరు నెలలకు గాని చెప్పలేనన్నారు. జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చేశారు. ఇప్పటికి ఆ జబ్బు లక్షణాలు లేవు, ఏడాదికి మళ్ళీ రమ్మన్నారు. కొంత నెమ్మది మాత్రం వయసుదే, అది ఉంటుందని కూడా చెప్పారు.

నల్లబల్ల గారూ, మీ ప్రశ్న నెలంతా నా వెంటే ఉంది. నిజమే, ముప్ఫై ఏళ్ళప్పుడు ఆ పద్యానికి ప్రతిపదార్థం చెప్పి ముందుకు వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడు ఆ మూడో పాదంలో తల్లి మాట ఎందుకు ముందు వచ్చిందో చెప్పడానికే సగం పీరియడు పడుతుంది. పిల్లలు కదలకుండా వింటారు. ఇప్పుడు పద్యం బోర్డు మీద రాసి గాని చదవడం లేదు. హాజరు ఆ మొదటి బెంచీ పిల్ల చేత పిలిపిస్తున్నాను. మొన్న ఆ పిల్లతో 'ఆ రోజు మాట అందించావు, అప్పుడు నీకు థాంక్స్ చెప్పలేదమ్మా' అన్నాను. 'మా తాతయ్యకు కూడా నేనే అందిస్తాను సార్' అంది.


పెన్నా గట్టు | 11 ఆగస్టు, ఉదయం 6:05

అయ్యవారూ, మంచి మాట చెప్పినారు. మోకాళ్ళ ఆపరేషన్ మాట ఎత్తితే మా అమ్మ వద్దనే అంటాది, నేనూ బలవంతం చెయ్యను. చెవులు మాత్రం మొన్న చూపించినా. రెండు చెవుల్లో గుబిలి రాయి మాదిరి గట్టిపడి ఉండాది. చుక్కలేసి నాలుగు రోజులాగి తీసినారు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని 'ఆ గడియారం ఎప్పుడు తెచ్చినావురా?' అని అడిగింది. అది మా నాయన ఉన్నప్పటిది, గోడకు ముప్పై ఏండ్లుగా ఉండాది. ఇంగా కొంచెం చెవుడు ఉండాదంట, మిషన్ సంగతి తర్వాత చూద్దామన్నారు. సిస్టరమ్మా, ఈ గుబిలి మళ్ళీ రాకుండా ఇంట్లో ఏమి చెయ్యాల?


కాకినాడ సిస్టర్ | 11 ఆగస్టు, ఉదయం 7:40

మళ్ళీ వస్తుందండీ, వయసుతో అది ఎండి గట్టిపడుతుంది. ఆర్నెల్లకోసారి చూపించండి. పిన్నీసు, అగ్గిపుల్ల, దూది పుల్ల ఏదీ లోపల పెట్టనివ్వకండి, గుబిలి ఇంకా లోపలికి పోతుంది. చెవిలో చీము కారుతున్నా, కర్ణభేరికి చిల్లు ఉందని ఎప్పుడైనా చెప్పినా నూనె చుక్క కూడా వేయొద్దు. అమ్మగారితో ఇక మెల్లగా, ఎదురుగా కూర్చుని మాట్లాడండి, అరవక్కర్లేదు.